పాలకు బదులు ఏమిటి?

పాలు మంచి ఆహారమని మీరు చిన్న తరగతుల నుంచి చదువుతూనే ఉన్నారు. అయితే కొందరు పసిపిల్లలకు అవే పాలు నాలుగు చెంచాలు పట్టినా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు వాస్తాయి, వాంతులవుతాయి. ఒక్కొక్కసారి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. దీనినే పాల ఎలర్జీ అంటారు. 'ఎలర్జీ' అనే మాటను 1906లో వాన్ పిర్కే అనే ఆస్ట్రియా వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు.

సంగారెడ్డి జిల్లా కాజీపల్లి వంటి పారిశ్రామిక వాడలలో తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళితే, ఇంట్లో చంటిబిడ్డకు తినిపించేది చాలాసార్లు మీవంటి అక్కలూ అన్నలే. కనుక ఈ సంగతి మీకు తెలిసి ఉండాలి.

దోషి ఎవరు?

ఒక గ్లాసు వేడి పాలలో నిమ్మరసం పిండి చూడండి. పాలు విరిగి తెల్లని ముద్ద ఒకవైపు, పచ్చని తేట ఒకవైపు విడిపోతాయి. ముద్దలో ఉన్న ముఖ్యమైన మాంసకృత్తి పేరు కేసిన్. తేటలో బీటా లాక్టోగ్లోబులిన్ మొదలైన మాంసకృత్తులుంటాయి. ఎలర్జీ ఉన్న బిడ్డ శరీరం వీటిని శత్రువులని పొరబడి, ఐజి-ఇ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. వీటిని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు. బిడ్డకు మళ్ళీ పాలు పట్టగానే ఇవి కొన్ని కణాలను రెచ్చగొడతాయి. ఆ కణాల నుంచి హిస్టమిన్ వెలువడుతుంది. దద్దుర్లకూ, వాపుకూ అదే కారణం.

పాలు తాగితే కడుపు ఉబ్బరించి విరేచనాలయ్యే వారి సంగతి వేరు. వారికి పాలలోని లాక్టోజు అనే చక్కెర అరగదు. వారిలో చాలామంది పెరుగు తినగలరు. ఎలర్జీ ఉన్న బిడ్డకు పెరుగు కూడా పనికిరాదు, ఎందుకంటే పెరుగులోనూ కేసిన్ ఉంటుంది. పాలు ఎంత మరగకాచినా కేసిన్ గుణం పూర్తిగా పోదు.

మేకపాలు పట్టవచ్చునా?

ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమని ఇరుగుపొరుగువారు చెబుతారు. తాళంచెవి పోలికతో ఆలోచించండి. రెండు చెవుల పళ్ళు ఒకే రకంగా ఉంటే రెండూ ఒకే తాళాన్ని తెరుస్తాయి. ఆవు, గేదె, మేక పాలలోని కేసిన్లు ఇలాగే ఒకదానినొకటి పోలి ఉంటాయి. అందువల్ల ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి మిగతా రెండూ పడవు.

రెండు పరీక్షలు

పాలకు బదులుగా ఏది ఎంచుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అందులో ఎలర్జీ కలిగించే మాంసకృత్తి ఉందా? పాలు ఇచ్చే పోషకాలను అది ఇస్తుందా?

కొబ్బరిపాలు, గంజి మొదటి పరీక్షలో నెగ్గుతాయి, రెండవ దానిలో తప్పుతాయి. తెల్లగా ఉన్నా వాటిలో మాంసకృత్తులు, కాల్షియం బాగా తక్కువ. సోయాపాలలో మాంసకృత్తులు ఆవుపాలకు దగ్గరగా ఉంటాయి గాని కాల్షియం విడిగా కలపవలసి ఉంటుంది. కొందరు పిల్లలకు సోయా కూడా పడదు.

100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే ఆవుపాలలో ఉండేది సుమారు 120 మిల్లీగ్రాములు. అయితే ఒక గిన్నె జావలో పడేది 20, 25 గ్రాముల పిండి మాత్రమే! అంటే దక్కేది 90 మిల్లీగ్రాముల లోపే. కనుక జావ ఒక్కటే చాలదు. పప్పు, ఆకుకూరలు, పడితే గుడ్డు, చేప కూడా ఉండాలి. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో దొరకదని మరువకండి.

ఏడాది లోపు బిడ్డకు మాత్రం ఇవేవీ పాలకు బదులు కావు. తల్లిపాలే మేలు. అవసరమైతే తల్లి పాల పదార్థాలు మానాలని డాక్టరు చెబుతారు. తల్లిపాలు చాలనపుడు, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారు చేసిన ప్రత్యేకమైన పొడులను డాక్టరు సూచిస్తారు.

దాగి ఉన్న పాలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 'హైదరాబాద్ మిక్స్' అనే పిండిని రూపొందించింది. వేయించిన గోధుమలు, శనగలు, వేరుశనగలు, బెల్లం కలిపి చేస్తారు. ఇందులో పాలు లేవు. అంగన్‌వాడీలో పసిపిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పులతో పాటు పాలపొడి కూడా ఉంటుంది. ఎందరో పిల్లలకు బలమిచ్చే ఆ పొట్లం పాల ఎలర్జీ ఉన్న బిడ్డకు ప్రమాదం. వేరుశనగ పడని బిడ్డకు హైదరాబాద్ మిక్స్ ప్రమాదం. అందరికీ సరిపడే ఆహారమంటూ ఏదీ లేదు.

కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలో మందుల కర్మాగారాలను మీరు చూసే ఉంటారు. మాత్రలో అసలు మందు కొద్దిగానే ఉంటుంది. మాత్ర పరిమాణం పెంచడానికి తరచుగా పాల నుంచి తీసిన లాక్టోజును కలుపుతారు. శుద్ధి చేసిన లాక్టోజులో మాంసకృత్తి అంతగా ఉండదు, కాబట్టి ఎక్కువమందికి హాని కలగదు. అయితే పొడి రూపంలో పీల్చే కొన్ని ఉబ్బసం మందులలో కూడా లాక్టోజు ఉంటుంది. తీవ్రమైన ఎలర్జీ ఉన్నవారికి వాటివల్ల అరుదుగా ఇబ్బంది వచ్చింది. కనుక ఏ మందు తీసుకున్నా పాల ఎలర్జీ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పాలు తాకిన బిడ్డకు ఊపిరి ఆడకపోయినా, సొమ్మసిల్లినా క్షణం ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి. అప్పుడు ప్రాణం కాపాడేది ఎడ్రినలిన్ ఇంజెక్షను. చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ ఈ ఎలర్జీ తగ్గిపోతుంది. తగ్గిందో లేదో ఆసుపత్రిలోనే పరీక్షించాలి. ఇంట్లో పాలు పట్టి చూడకూడదు.

చేసి చూడండి

పొట్లాలపై ఎలర్జీ కలిగించే పదార్థాల పేర్లు ముద్రించాలని మన దేశపు 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కిరాణా కొట్లో పది రకాల బిస్కెట్లు, చాక్లెట్లు, రొట్టెల పొట్లాలు చదవండి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అన్న మాటలు ఎన్నింటిపై ఉన్నాయో లెక్కవేసి, ఆ పట్టికను మీ తరగతి గోడపై అంటించండి.