బండి నడుస్తూ నడుస్తూ ఎందుకు ఆగిపోతుంది?



సంతకి వెళ్ళినా, సెలవులకి ఇంటికి వెళ్ళినా మనలో చాలామంది పికప్ బండి ఎక్కేవాళ్ళమే. సామాన్ల బండిలో మనుషులు ఎక్కకూడదని రూలుంది గానీ మా ఊరికి బస్సు లేదు. ఎక్కుడులో సగం దూరం పోయాక బండి రెండు మూడుసార్లు తుమ్మినట్టు అయి ఆగిపోతుంది. అందరం దిగుతాం. అరగంట పోయాక మళ్ళీ స్టార్టవుతుంది. ఎందుకు ఆగిందో, ఎందుకు స్టార్టయిందో ఎవరూ చెప్పలేరు. పూర్తిగా చెడిపోయిన బండి నయం, దాని జబ్బు కనపడుతుంది. అప్పుడప్పుడు ఆగే బండితోనే కష్టం. మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళేసరికి అది చక్కగా నడుస్తూ ఉంటుంది.

ముందు డీజిల్ ఇంజను గురించి కొంచెం. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. సిలిండర్ లోపల గాలిని సుమారు 18 నుంచి 22 రెట్లు కుదించేస్తుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది కదా, అలాగే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ నుంచి డీజిలు సన్నటి తుంపరగా పడుతుంది, దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో ఇలాంటి ఇంజనుని బాగా నడిపి చూపించాడు. ఆయన పేరే నూనెకి కూడా వచ్చింది.

కాబట్టి పాత డీజిల్ బండికి కావలసినవి రెండే, గాలి, వేళకి డీజిలు. కొత్త బండ్లలో కంప్యూటరు, సెన్సార్లు ఉంటాయి. వాటి సంగతి వేరు, ఈ పాఠంలో చెప్పడం లేదు.

డీజిలు నడిచే దారి పక్కన బొమ్మలో గీశాను. ట్యాంకు, అక్కడి నుంచి గొట్టం, తర్వాత ఫీడ్ పంపు, తర్వాత ఫిల్టరు, తర్వాత పెద్ద పంపు, చివరికి నాజిళ్ళు. మిగిలిన డీజిలు ఇంకో గొట్టంలోంచి ట్యాంకుకి తిరిగి వచ్చేస్తుంది. బొమ్మలో ఫీడ్ పంపు దగ్గర ఎర్ర గీత పెట్టాను, చూడండి. దానికి ముందున్న గొట్టంలో పంపు లాగుతుంది, తర్వాత ఉన్న గొట్టంలో తోస్తుంది. తోసే వైపు చిల్లు పడితే డీజిలు బయటికి కారుతుంది, నేల మీద మరక కనిపిస్తుంది. లాగే వైపు చిల్లు పడితే బండి నడిచేటప్పుడు ఏమీ కారదు. గాలే లోపలికి పోతుంది. మెకానిక్‌లు దాన్ని ‘ఎయిర్ పట్టింది’ అంటారు. కారడం లేదు కాబట్టి గొట్టం బాగుంది అనుకోవడం తప్పు.

బండి ఆగినప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న, ఎలా ఆగింది అని. తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగిందా? గోతిలో పడ్డప్పుడు ఆగి, వెంటనే మళ్ళీ స్టార్టయిందా? అయితే వైరు లూజై ఉండొచ్చు. చాలా డీజిల్ బండ్లలో పంపు మీద సొలినాయిడ్ అని ఒకటి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ డీజిలు దారి తెరిచి ఉంచుతుంది, కరెంటు పోతే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ఇంజను ఊరికే నడుస్తుండగా ఆ వైరుని కాస్త కదిపితే తెలిసిపోతుంది. ఇంకా పాత బండ్లలో ఇంజను ఆపడానికి లాగే తాడు ఉంటుంది, వాటికి ఈ గొడవే లేదు.

అలా కాకుండా బండి బలం తగ్గి, ఊగి, తుమ్మి, మెల్లగా చచ్చిపోయిందా? కొంతసేపు ఆగితేగాని స్టార్టవడం లేదా? అయితే డీజిలు అందడం లేదు. వైర్లు విప్పి లాభం లేదు.

మా మావ బండి ఈ రెండో రకం. మావ కొండ మీంచి రాజ్‌మా, పసుపు, కాఫీ గింజలు నర్సీపట్నం దించుతాడు. తిరిగి వచ్చేటప్పుడు కిరాణా సరుకు వేసుకుంటాడు. డౌనూరు దాటి లంబసింగి ఘాటీ ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర బండి ఆగేది. ఒకసారి ఆరుగురు ఆడవాళ్ళు, సరుకు ఉండగా ఆగి వెనక్కి జారింది. క్లీనరు దూకి చక్రానికి రాయి వేశాడు కాబట్టి సరిపోయింది. పక్కన లోయ ఉంది.

“ఈ మలుపులోనే ఏదో ఉందే అమ్మా. ఇక్కడికొచ్చేసరికే బండి సచ్చిపోతంది” అనేవాడు మావ. అక్కడ కోడిని కోశారు. తర్వాత వారం బండి ఆగలేదు. ఆ తర్వాత వారం మళ్ళీ ఆగింది.

ఒక షెడ్డులో ఫిల్టరు మార్చారు. ఇంకో షెడ్డులో నాజిళ్ళు మార్చారు. రెండుసార్లూ నాలుగు రోజులు బాగా నడిచి మళ్ళీ ఆగింది. మూడో షెడ్డులో పెద్ద పంపు విప్పాలి, పాతిక వేలవుతుంది అన్నారు. అంత డబ్బు లేదు. బండి అమ్మేద్దామని అత్త అంది. అది అమ్మేస్తే మా నాలుగు ఊళ్ళకి వేరే బండి లేదు, జ్వరం వచ్చినవాళ్ళని దించడానికి కూడా.

సంక్రాంతి సెలవుల్లో నేనొక నోటుపుస్తకం పెట్టాను. తారీకు, ఎక్కడ ఆగింది, ఎంత బరువు, వానా ఎండా, డీజిలు ఎంత, ఇవన్నీ గళ్ళు గీసి రాశాను. డీజిలు గేజు పని చెయ్యదు, అందుకని బంకులో వెదురు పుల్ల ముంచి చూసేవాళ్ళం. నేను బడికి వచ్చేశాక మావ కొడుకు రాశాడు. మొత్తం పన్నెండు ట్రిప్పులు. ఐదుసార్లు ఆగింది. బరువుతో సంబంధం కనపడలేదు, ఎండావానతోనూ కనపడలేదు. ఆగిన ఐదు రోజులూ ట్యాంకు మెడదాకా డీజిలు పోయించిన రోజులే. ట్యాంకు సగానికి తక్కువ ఉన్న రోజు ఒక్కసారీ ఆగలేదు.

ఇది విడ్డూరం కదా! డీజిలు తక్కువైతే ఆగాలి గాని ఎక్కువైతే ఆగడమేమిటి? బంకులో కల్తీ అని మావ అన్నాడు. కాని ఐదువందలకి పోయించిన రోజు కూడా అదే బంకు, అదే డీజిలు.

నోటుపుస్తకం మా పీ.ఎస్. మేడానికి చూపించాను. మేడం చూసి, “ట్యాంకులో డీజిలు తగ్గితే ఆ ఖాళీలోకి ఏమొస్తుంది?” అని అడిగారు. గాలి అన్నాను. “ఎటునుంచి?” అన్నారు. అక్కడే ఉంది సంగతంతా.

మన మెస్సులో వంటక్క నూనె డబ్బాకి రెండు కన్నాలు కొడుతుంది, చూశారా? ఒక్క కన్నమే అయితే నూనె గుడగుడమని ఆగి ఆగి పడుతుంది. రెండోది గాలికి. బండి ట్యాంకుకి కూడా గాలి దారి కావాలి. చాలా పాత బండ్లలో మూతకే సన్నటి కన్నం ఉంటుంది. మావ బండి మూతకీ ఉంది. కాని వానాకాలంలో ఎక్కుడులో డీజిలు ఒలికిపోతోందని మూత కింద పాలిథిన్ కవరు వేసి బిగించారు. డీజిలు ఒలకడం ఆగింది, గాలి రావడమూ ఆగింది.

మనం పంపు డీజిల్ని లాగుతుంది అంటాం. నిజానికి ట్యాంకులో ఉన్న గాలి డీజిల్ని కిందికి నొక్కి గొట్టంలోకి తోస్తుంది. ఎనిమిదో తరగతిలో పీడనం పాఠం గుర్తు తెచ్చుకోండి. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన నియమం ఏమిటంటే, ఉష్ణోగ్రత మారకపోతే మూసి ఉన్న గాలి ఎంత విస్తరిస్తే దాని పీడనం అంత తగ్గుతుంది.

లెక్క చేద్దాం. ట్యాంకు 60 లీటర్లు అనుకోండి. మెడదాకా 58 లీటర్లు పోస్తే గాలికి మిగిలేది 2 లీటర్లు. నర్సీపట్నం నుంచి ఘాటీ దగ్గరకి వచ్చేసరికి 2 లీటర్లు ఖర్చయిందనుకోండి. 2 లీటర్ల గాలి 4 లీటర్లు అయింది. పీడనం సగం! ఇంజను ఎక్కువ డీజిలు అడిగే ఎక్కుడు అక్కడే మొదలవుతుంది. ఇప్పుడు 20 లీటర్లే ఉన్న రోజు చూడండి. గాలి 40 లీటర్లు. 2 లీటర్లు ఖర్చయితే గాలి 42 అవుతుంది. పీడనం ఇరవయ్యో వంతు కూడా తగ్గదు. బండికి తెలియనే తెలియదు. పాలిథిన్ పక్కల నుంచి కాస్త కాస్త గాలి దూరుతూనే ఉంటుంది కాబట్టి నిజంగా ఇంత కచ్చితంగా ఉండదు. అలా దూరడం వల్లే అరగంట ఆగితే స్టార్టయ్యేది.

మలుపులో ఏమీ లేదు. నింపే బంకు కింద ఉంది, రెండు లీటర్లు అయిపోయే చోటు ఆ మలుపు. షెడ్డుకి వెళ్ళినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి కొంచెమే పోసేవారు, అందుకే బాగైనట్టు కనపడేది. ఇక కోడిని కోసిన వారం ఎందుకు ఆగలేదంటే, కోడికి డబ్బులైపోయి డీజిలు తక్కువ పోయించారు!

తర్వాతి ఆదివారం ఫోను వేళలో మావకి చెప్పాను, బండి ఆగగానే ముందు మూత విప్పి చూడమని. “మూతకీ ఇంజనుకీ ఏటి సంబంధమే?” అని నవ్వాడు. కాని విప్పాడు. విప్పుతుంటే ‘స్‌స్’ మని గాలి లోపలికి పోయిందట. పాలిథిన్ లోపలికి గిన్నెలా గుంతపడి ఉందట. కవరు పారేసి తాళం తిప్పితే వెంటనే స్టార్టయింది. ఇప్పుడు మూతకి కొత్త వాషరు వేశారు, మెడదాకా కాకుండా జానెడు తక్కువగా పోయిస్తున్నారు. డీజిలు ఒలకడం లేదు.

మీరు కూడా చేసి చూడండి. గాజు సీసా నిండా నీళ్ళు పొయ్యండి. బొప్పాయి ఆకు కాడ దించి, మూతి చుట్టూ గోధుమపిండి ముద్దతో గట్టిగా మూసి పీల్చండి. ఒక గుటక కూడా రాదు. సగం నీళ్ళే పోసి పీలిస్తే కొంచెం వస్తాయి. పిండి ముద్దకి సూదితో కన్నం పెడితే అన్నీ వచ్చేస్తాయి.

మూత విప్పినా స్టార్టవలేదంటే జబ్బు వేరే. ట్యాంకులో ఆకో, ప్లాస్టిక్ ముక్కో గొట్టం మూతికి అంటుకోవచ్చు, ఇంజను ఆగాక అది ఊడిపోతుంది కాబట్టి ఇదీ వచ్చి పోయే జబ్బే. తెలుసుకోవడానికి మెకానిక్ చేసే మంచి పరీక్ష ఒకటుంది. ట్యాంకు గొట్టం తీసేసి, ఐదు లీటర్ల డబ్బాలో మంచి డీజిలు పోసి, దాంట్లోంచి గొట్టం పెట్టి నడపడం. డబ్బాతో బాగా నడిస్తే ట్యాంకుదీ పాత గొట్టానిదీ తప్పు. డబ్బాతోనూ ఆగితే ఫిల్టరు, పంపుల వైపు చూడాలి. ఈ పరీక్షకి డబ్బు అవ్వదు, నాజిళ్ళు మార్చకముందే చెయ్యాలి. నీళ్ళు కలిశాయేమో చూడాలంటే ఫిల్టరు అడుగు స్క్రూ తిప్పి గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచండి. డీజిలు తేలిక, నీళ్ళు అడుగున నిలుస్తాయి.

ఒక్కటి మాత్రం పెద్దవాళ్ళకి తప్పకుండా చెప్పండి. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఇంజను నడిస్తేనే తయారవుతుంది. ఇంజను ఆగాక ఒకటి రెండు తొక్కులకే అది మిగిలి ఉంటుంది, తర్వాత పెడలు రాయిలా అయిపోతుంది. కాబట్టి ఆగిన బండిలో బ్రేకు మాటిమాటికీ తొక్కి వదలకూడదు. ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేకు లాగాలి, గేరులో పెట్టాలి, క్లీనరు రాయి వెయ్యాలి. మనం దిగి కొండవైపు నిలబడాలి, బండి వెనకాల కాదు. మూత విప్పేటప్పుడు దగ్గర్లో బీడీ ఉండకూడదు. ఇంజను నడుస్తుండగా నాజిళ్ళ గొట్టాల దగ్గర వేలు పెట్టి కారుతోందా అని చూడకూడదు, అక్కడి డీజిలు చర్మంలోకి దూసుకుపోయేంత జోరుగా ఉంటుంది.

మూత మీద కన్నం సూది మొనంతే ఉంటుంది. సంతరోడ్డు బురదకి కూడా మూసుకుపోతుంది. మీ ఊరి బండి మూత విప్పినప్పుడు ‘స్‌స్’ మని వినపడితే తొమ్మిదో తరగతి గదికి వచ్చి నాకు చెప్పండి, నోటుపుస్తకంలో ఇంకా పేజీలున్నాయి.