దీనదయాళు కుటుంబపు గాజుపలకలు – మన ఇండ్లలోని పాత పెట్టెలు



గత సంవత్సరము పదవ తరగతి బాలుడొకడు తన యింటినుండి ఒక పాత ఛాయాచిత్రమును తెచ్చి నాకు చూపెను. తలపాగలు చుట్టుకొనిన ఇద్దరు పురుషులు కుర్చీలపై కూర్చుండి యుండిరి. “వీరిలో మీ ముత్తాత ఎవరు?” అని అడిగితిని. వానికి తెలియదు. వాని తండ్రికిని తెలియదట. చిత్రము వెనుక ఒక్క అక్షరమైనను లేదు. ఈ పాఠము వ్రాయవలెనని నాకు నాడే తోచినది.

మన బాబ్లీ గ్రామమున్న నాందేడు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను కాలమున ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధి కెక్కినవాడు లాలా దీనదయాళు. ఆయన 1844లో మీరట్టు సమీపమునగల సర్ధనాలో ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు నగరమున ప్రభుత్వ కట్టడముల శాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. (ఇది మనకు దగ్గరనున్న ఇందూరు, అనగా నిజామాబాదు, కాదు.) చేతితో గీతలు గీచుటతో మొదలైన ఆయన దృష్టి 1874లో కెమెరావైపు మరలెను.

ఆ కాలమున ఛాయాచిత్రము తీయుట నేటివలె సులభము కాదు. గాజుపలకపై జిగురువంటి ద్రవమును పోసి, వెండి లవణపు నీటిలో ముంచి, అది తడిగా నుండగనే చిత్రమును తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. పలక ఆరిన యెడల శ్రమయంతయు వృథా. కోటలకును గుహాలయములకును పోవునపుడు గాజుపలకలు, మందుసీసాలు, గుడారము అన్నియు మోయించుకొని పోవలసినదే. తరువాత పొడి పలకలు వచ్చి కొంత ఊరట కలిగించెను. కాగితముపై అచ్చు తీయుటకు కోడిగ్రుడ్డులోని తెల్లసొనను పూసెడివారన్న మీకు నవ్వు వచ్చునేమో! కాని ఆ కాగితములలో కొన్ని నేటికిని నిలిచి యున్నవి.

ఉద్యోగము విడిచి ఆయన సికిందరాబాదున చిత్రశాలను నెలకొల్పెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకు ప్రత్యేకముగా ఒక చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. 1896లో బొంబాయిలో మరియొకటి వెలసెను. 1894లో నిజాము ఆయనకు ‘రాజా బహదూరు ముసవ్విర్ జంగు’ అను బిరుదము నొసగెను. ‘ముసవ్విర్’ అనగా చిత్రకారుడు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ తండ్రి పనిలో పాల్గొనిరి. ధరమ్‌చంద్ 1904లోను, తండ్రి 1905లోను మరణించిరి. ఆ చిత్రశాలలు తీసిన గాజుపలకలలో 2,857 పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి.

దర్బారులు, వేటలు, రాజభవనములు – వీనినే జనులు మెచ్చుకొందురు. నాకు మాత్రము 1899–1900 నాటి కరవుకాలమున ఔరంగాబాదు ప్రాంతమునందు తీసిన చిత్రములే గొప్పవని తోచును. అవి మన మరాఠ్వాడా మనుష్యులవి. చిక్కిన దేహములతో జనులు గుంపులుగా మనవైపే చూచుచుందురు. ప్రభువుల చిత్రముల క్రింద పేర్లు కలవు. ఈ గుంపులలోనివారి పేర్లు మనకు అందలేదు. కెమెరా ముఖమును పట్టును గాని పేరును పట్టజాలదు. పేరును మనిషియే వ్రాయవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన ప్రాంతపు ఇండ్లలోని పాత పెట్టెలను తెరచిన యెడల ఉర్దూ కాగితములు, మోడి లిపిలోని పత్రములు, తెలుగు ఉత్తరములు కలసి కనబడును. మోడి లిపిని చదువువారు నేడు అరుదు. తెలుగు ఉత్తరములను మీ పిల్లలు చదువగలరు. చదివించుడు. చిత్రముల వెనుక మెత్తని పెన్సిలుతో తేలికగా పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. సిరా వలదు, అది ఊరి ముఖముపైకి వచ్చును. జిగురుతో అంటింపవలదు. తడి తగులని చోట, శుభ్రమైన కాగితములో చుట్టి యుంచుడు.

ఆ బాలుని కథ మిగిలినది. వానితో, “ఇంటిలో పెద్దలెవరున్నారు?” అంటిని. నాయనమ్మ ఉన్నదట. ఆమెను ఎవరును అడుగలేదు! నాటి సాయంకాలము నేనును వానితో పోయితిని. ఆమె చిత్రమును కన్నులకు దగ్గరగా పట్టుకొని, “ఎడమదిక్కు కూసున్నాయన మా మామ బిడ్డా. నేను కాపురానికి వచ్చిన ఏడే పోయిండు” అనెను. రెండవవానిని చాలసేపు చూచి తల త్రిప్పెను.

బాలుడు చిత్రమును త్రిప్పి పెన్సిలుతో ఎడమవైపు ముత్తాత పేరు వ్రాసెను. కుడివైపు, ‘తెలియదు, అడుగవలెను’ అని వ్రాసెను.