ముగ్గుపిండితో మొదలుపెట్టు

నాచారం

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన మెకానిక్ షెడ్డు నక్షా ఫోన్లో పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను. పోచారంలో 200 గజాలు, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, ఉత్తరాన రోడ్డు. మంచి జాగా. లిఫ్టు గీశావు, స్కానర్ బల్ల గీశావు, బోర్డుకు రంగులు కూడా వేశావు. బండి కడిగిన నీళ్లు ఎటు పోతాయో మాత్రం గీయలేదు. ఫోన్లో చెబితే "సరే మామా" అని మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా తప్పు విను. నాచారంలో షెడ్డు వేసినప్పుడు చేతిలో ఉన్న డబ్బంతా కంటికి కనబడేవాటికే పెట్టాను. కొత్త పానాల సెట్టు, కంప్రెషరు, గేటు మీద పేరు. రేకులు 11 అడుగుల ఎత్తులోనే వేయించాను, నేల 4 అంగుళాలే పోయించాను. నాలుగేళ్లకు లిఫ్టు కొన్నాను. పెద్ద బండి లేపితే టాపు రేకులకు తగిలేది. సగం లేపి, కింద నడుం వంచుకుని పని చేసేవాణ్ణి. లిఫ్టు స్తంభాల దగ్గర నేల బీటలు వారింది. ఆ నేల తవ్వి మళ్లీ పోయించేదాకా షెడ్డు మూతే. పానా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, నేల అలా కాదని అప్పుడు తెలిసింది. తరవాత మార్చలేనివాటికి ముందు ఖర్చు పెట్టు. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్కే.

అన్నిటికన్నా మార్చలేనిది జాగా. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నావు, మంచిదే. ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో, దగ్గరి చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకో. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువు హద్దుల మాట ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. అమ్మేవాడి మాట కాదు, కాగితం చూడు.

ఆ తరవాత వాన. 2020 అక్టోబర్ 13 గుర్తుందా? మీ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో ఆ ఒక్క రోజు 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను అడుగు, ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. నేల దానికన్నా పైన ఉండాలి. కానీ మరీ ఎత్తు లేపితే కిందికున్న బండ్ల బంపర్లు గీసుకుంటాయి. రోడ్డుకు అడుగున్నర ఎత్తు లేపితే 12 అడుగుల ర్యాంపు కావాలి. అది నీ జాగాలోనే పడాలి, రోడ్డు మీదికి రాకూడదు. అందుకని ముందు 20 అడుగులు ఖాళీగా వదులు. వంతు కోసం వచ్చిన బండ్లు కూడా అక్కడే నిలబడతాయి.

వెనక 40 అడుగుల్లో షెడ్డు. మొదట రెండు బండ్లకే చోటు పెట్టు, ఒక్కోదానికి 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. డోర్లు పూర్తిగా తెరిచాక కూడా మనిషి ట్రాలీ తోసుకుంటూ తిరగాలి. మిగిలిన 6 అడుగులు టూ వీలర్లకు. మూడో కారుకు చోటు ఇరికించాలని చూడకు, ఒకటి బయటికి తీయాలంటే రెండు కదపాల్సి వస్తుంది.

టూ పోస్ట్ లిఫ్టు బండిని దాదాపు 6 అడుగులు లేపుతుంది, పెద్ద బండి ఎత్తు ఇంకో 6 అడుగులు. లిఫ్టు పైకడ్డీ, లైట్లు కలుపుకుని రేకులు 15 అడుగులకు తగ్గకుండా వేయించు. లిఫ్టు ఇప్పుడు కొనకపోయినా దాని చోటు ఇప్పుడే పోయించు. అక్కడ ఎం25 కాంక్రీటు 8 అంగుళాలు, ఇనుప జాలీతో. కొనబోయే కంపెనీ పునాది నక్షా ముందే తెప్పించుకుని మేస్త్రీ చేతికివ్వు. 28 రోజులు గట్టిపడ్డాకే బోల్టులు దించాలి. లిఫ్టు కింద నేల సమంగా ఉండాలి. మిగతా చోట 10 అడుగులకు అంగుళం చొప్పున వాలు పెట్టి, నీళ్లు జాలీ కాలువలోకి పోనివ్వు.

ఆ కాలువ నేరుగా మోరీలో కలపకు. మధ్యలో మూడు గదుల తొట్టి కట్టించు. ఆయిలు నీళ్ల మీద తేలుతుంది కదా, ఒక గది నుంచి ఇంకో గదికి పైపు కిందినుంచి పెడితే నీళ్లు దాటిపోతాయి, ఆయిలు పైనే ఆగుతుంది. పాత ఇంజన్ ఆయిలు డ్రమ్ములో పట్టి, పొల్యూషన్ బోర్డు అనుమతి ఉన్నవాళ్లకే అమ్ము.

బండి కింద పనికి గుంట తవ్వుతానన్నావు, వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గుంటలో చేరి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా వానాకాలం అది బావి అయిపోతుంది.

వెల్డింగు ఆగ్నేయంలో పెట్టమన్నాడట సిద్ధాంతి. ఈసారి నేనూ ఆయన పక్షమే. ఎండాకాలం, వానాకాలం మనకు పడమటి గాలి ఎక్కువ. పొగా, రవ్వలూ మిగతా పని మీదికి రాకుండా తూర్పుకు పోతాయి. బ్యాటరీల చార్జింగు దానికి దూరంగా పడమటి గోడ దగ్గర పెట్టు. వాటినుంచి వచ్చే గ్యాసు పైకి పోతుంది, అందుకని గోడ పైభాగంలో జాలీ వదులు.

కంప్రెషరు షెడ్డు వెనక బయట, చిన్న కప్పు కింద. హవా లైనుకు పీవీసీ పైపు చవక అంటారు, అది పగిలితే ముక్కలు బాంబులా ఎగురుతాయి. జీఐ పైపే వేయించు. కొద్దిగా వాలు పెట్టి, చివర నీళ్లు వదిలే కుళాయి పెట్టు. కొమ్మలు పెద్ద పైపు పైభాగం నుంచి తీయమను, లేకపోతే గన్నులోకి గాలికి బదులు నీళ్లొస్తాయి. త్రీ ఫేజ్ కరెంటు, ఎర్తింగుకు రెండు గుంతలు, షాక్ కొడితే కరెంటు ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. వీటి దగ్గర బేరం ఆడకు. నేల కింద ఒక ఖాళీ పైపు కూడా వేసి మూత పెట్టు. అక్కడి ఇన్ఫోసిస్ పిల్లలు ఎలక్ట్రిక్ బండ్లతో వచ్చిన రోజు నేల తవ్వే పని ఉండదు.

స్కానరు, బోర్డు, ఏసీ గది, వీటి తొందరేమీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లకు స్కానర్ తప్పదన్న నీ మాట నిజమే. మొదటి ఆరు నెలలు నాది తీసుకెళ్లు. యాదగిరిగుట్ట దారిలో ఆగిపోయిన బండివాడు నీ బోర్డు రంగు చూడడు, షట్టరు తీసి ఉందా అనే చూస్తాడు.

మేస్త్రీని పిలిచేముందు ఒక్క పని చెయ్. ఈ నక్షా అంతా నేల మీద ముగ్గుపిండితో అసలు కొలతల్లో గీసి, గీతల మధ్య నిజంగానే బండి పెట్టి, డోర్లు తెరిచి తిరిగి చూడు. కాగితం మీద పట్టిన లిఫ్టు నేల మీద పడుతుందో లేదో గంటలో తేలిపోతుంది. తప్పయితే కాలితో చెరిపి మళ్లీ గీయొచ్చు, కాంక్రీటును చెరపలేం.

వచ్చే ఆదివారం టేపు తీసుకుని పొద్దున్నే వస్తాను. మా అక్కను కూడా తీసుకురా. ముగ్గు గీత మనిద్దరికన్నా ఆమెకే తిన్నగా వస్తుంది.

ఇట్లు,
నీ మామ