సంతకానికి ముందు

చిరంజీవి అమ్మడికి,

స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని, మొదటి వారమే మీ అందరికీ వృత్తి నీతి మీద శిక్షణ ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ క్లాసును తేలిగ్గా తీసుకోకు. హాజరు వేయించుకోవడానికే కూర్చుని లేచిపోయేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ చెప్పే మాటలు వార్డులో ఏ రూపంలో ఎదురొస్తాయో నీకు రాయాలనిపించింది.

అన్నిటికంటే ముందు కన్సెంట్ ఫారం. ఓటీ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుంటుంది. ‘సిస్టర్, సంతకం పెట్టించండి’ అంటూ ఫారం నీ చేతిలో పెడతారు. చాలాచోట్ల అది ఇంగ్లీషులోనే ఉంటుంది. చదువురాని మనిషి బొటనవేలు పట్టుకుని, ఇంక్ ప్యాడ్‌కి అద్ది, గీత మీద నొక్కించేస్తారు. ఆ మనిషికి తెలిసేది వేలికంటిన సిరా ఒక్కటే. ఏం చేస్తారు, ఏం ప్రమాదం ఉంది, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాల్సింది డాక్టరే. అవి ఆ మనిషికి ఎక్కాయో లేదో చూడాల్సింది నువ్వు. ‘అర్థమైందా అమ్మా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. ‘రేపు నీకేం చేస్తారో నాకు చెప్పు’ అను. చెప్పలేకపోతే డాక్టరుగారిని మళ్లీ పిలువు. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఢిల్లీ కేసు ఒకటి క్లాసులో చెప్పకపోతే నువ్వే అడుగు. జబ్బేమిటో తెలుసుకోవడానికి లాప్రోస్కోపీకి మాత్రమే ఒప్పుకుందొక ఆవిడ. ఆవిడ మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రాణాపాయం లేనప్పుడు, ఆ మనిషికి తెలివొచ్చి తనే చెప్పేదాకా ఆగాల్సిందే, తల్లి ఒప్పుకున్నా సరే. పరీక్షకిచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కి పనికిరాదు.

ఇంకా బాధేసేది మొగుడి సంతకం. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం 18 నిండి, తన మంచిచెడ్డలు తాను చూసుకోగల స్త్రీ ఒప్పుకుంటే చాలు. అయినా ‘మీ ఆయన్ని తీసుకురా’ అని తిప్పి పంపేవాళ్లున్నారు. ఆయన రాడనో, ఆయన వల్లే ఇదంతా అనో ఆమె నీకు చెప్పలేకపోవచ్చు. నీ నోట మాత్రం ఆ మాట రానివ్వకు.

రహస్యం సంగతీ అంతే. హెచ్‌ఐవీ ఉన్న మనిషి కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో పెద్దక్షరాలు, మంచానికి వేరే గుర్తు, పక్క మంచం వాళ్ల గుసగుసలు, ఇవన్నీ నేను కళ్లారా చూశాను. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ సంగతిని ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధించింది. చట్టం లేకపోయినా అది తప్పే. గ్లవ్స్, సూదుల జాగ్రత్త అందరి దగ్గరా ఒకేలా పాటిస్తే ప్రత్యేకంగా గుర్తు ఎందుకు? లిఫ్టులో, క్యాంటీన్‌లో కేసుల గురించి మాట్లాడకు. కెథెటర్ పెట్టే ముందు స్క్రీన్ అడ్డం పెట్టు. స్క్రీన్ లేదంటే ఇండెంట్ రాయి, వచ్చేదాకా దుప్పటి పట్టుకోమని ఆయమ్మను పిలువు.

ప్రసూతి వార్డులో మగబిడ్డకింత, ఆడబిడ్డకింత అని చేయి చాచేవాళ్లు కనిపిస్తారు. ఆ డబ్బులో వాటా నీ దగ్గరకూ వస్తుంది. మొదటి రోజే వద్దను. రెండో రోజు వద్దనడం మొదటి రోజంత సులువు కాదు.

శిక్షణ ఇచ్చేవాళ్లను ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోకు: పెద్ద డాక్టరు తప్పు చేస్తున్నాడని కొత్త నర్సుకు అనిపిస్తే ఎవరికి చెప్పాలి? ‘పైవాళ్లకి’ అంటే ఒప్పుకోకు. ఏ హోదా, ఏ గది, రాత్రి రెండింటికైతే ఏ నంబరు, అన్నీ రాసుకో. నువ్వు చెప్పినది నర్సుల నోట్స్‌లో టైముతో సహా పెట్టు. ఆ ప్రశ్నకు మీ ఆసుపత్రివాళ్లు ఏం జవాబిచ్చారో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ