రేకుల గదిలో కాపురం – రేషన్ ధాన్యం

బొగ్గు గనుల, విద్యుత్ కేంద్రపు పనులకై చంద్రపూర్ చేరే తెలుగు కుటుంబాలలో కొన్ని, పని ముగిసేదాకా రేకుల షెడ్లలోనో ఇనుప కంటెయినర్ గదులలోనో కాపురముంటాయి. వారి వద్ద అద్దె పత్రం ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. కాబట్టి రేషన్ ధాన్యంపై ఆశ వదులుకోవలసిందేనని పలువురు భావిస్తారు. అది సరికాదు.

‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ విధానం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నడుమ, అటు మహారాష్ట్ర, గుజరాత్‌ల నడుమ మొదలైంది. 2020 జనవరి నాటికి ఈ నాలుగు రాష్ట్రాలూ ఒకే ఏర్పాటులోకి వచ్చాయి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద సాధారణ కార్డు ఉన్నవారికి నెలకు మనిషికి 5 కిలోల ధాన్యం ఇక్కడా ఉచితమే. దుకాణంలో చూపవలసినది కార్డు సంఖ్య లేదా ఆధార్, ఆపై వేలిముద్ర; ఇంటి చిరునామా కాదు. తల్లిదండ్రులు ఊరిలో ఉండి కొడుకూ కోడలూ ఇక్కడ ఉంటే, అదే కార్డుపై కొంత ఇక్కడ, మిగిలినది అక్కడ తీసుకోవచ్చు.

దుకాణం బోర్డుపై ‘స్వస్త ధాన్య దుకాన్’ అని ఉంటుంది. మరాఠీలో ‘స్వస్త’ అంటే చవక; మన ‘స్వస్థత’ అన్న అర్థం కాదు.

అయితే రాష్ట్రాలు తమ సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు ఇక్కడ చెల్లవు. తెలంగాణ ఇచ్చే అదనపు కిలో కూడా ఇక్కడికి రాదు. కార్డులోని ప్రతి పేరుకూ ఆధార్ జతపడినదీ లేనిదీ బయలుదేరక ముందే ఊరి డీలరు వద్ద సరిచూసుకోవాలి.