‘ర్యామ్’ను తిట్టిన సమీక్షల నుంచి నేను నేర్చుకున్నవి

సంగీత సమీక్షలు రాస్తామని వచ్చే పిల్లలకు ముందుగా పాల్ మెకార్ట్‌నీ ‘ర్యామ్’ వినమని చెబుతాను. భార్య లిండాతో కలిసి 1971 మేలో విడుదల చేసిన ఆల్బమ్ అది. విన్నాక, అప్పటి సమీక్షలు చదవమంటాను.

1. మనిషి మీది కోపం పాట మీద చూపొద్దు.
1970 డిసెంబరు 31న మెకార్ట్‌నీ తాను సభ్యుడిగా ఉన్న బీటిల్స్ బృందపు భాగస్వామ్యాన్ని రద్దు చేయమంటూ లండన్ హైకోర్టుకెక్కాడు. బృందాన్ని విడగొట్టింది ఇతనేనని చాలామంది అభిమానులు మండిపడ్డారు. ఆ వేడి చల్లారకముందే ‘ర్యామ్’ వచ్చింది. ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో జాన్ లాండౌ దాన్ని బొత్తిగా పసలేనిదని కొట్టిపారేశాడు. అరవైల రాక్ సంగీతం ఇంతకన్నా దిగజారలేదన్నాడు. ఆ సమీక్షలో నాకు వినిపించేది ‘ర్యామ్’ కన్నా ఎక్కువగా బీటిల్స్ పోయారన్న దుఃఖమే. దుఃఖం నిజమైనదే, కానీ దానితో ఆల్బమ్‌ను తూచకూడదు.

2. అల్లరి వెనకున్న పనితనం చూడాలి.
ఇది అన్నిటికన్నా ముఖ్యం. ‘మంక్‌బెర్రీ మూన్ డిలైట్’లో మెకార్ట్‌నీ గొంతు చించుకుని అరుస్తాడు; ఆ మాటలకు అర్థం వెతికితే దొరకదు. ‘అంకుల్ ఆల్బర్ట్/అడ్మిరల్ హాల్సీ’లో వాన, ఉరుము వినిపిస్తాయి, టెలిఫోన్ మోతను నోటితోనే పలికిస్తారు, ఉన్నట్టుండి పాట నడకే మారిపోతుంది. గంభీరమైన సందేశం కోసం చూసినవాళ్లకు ఇదంతా పిల్లచేష్టగా కనిపించింది. జాగ్రత్తగా వినండి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దాటే ప్రతిచోటా అతుకు కనిపించనంత శ్రద్ధ ఉంది. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యకారులు వాయించారు, డెనీ సైవెల్ డ్రమ్స్ పట్టు ఎక్కడా సడలదు. ‘అంకుల్ ఆల్బర్ట్’ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, వాద్య సమ్మేళనానికి గ్రామీ కూడా వచ్చింది. లిండా గొంతును చాలామంది ఎగతాళి చేశారు. నాకైతే శిక్షణ లేని ఆ గొంతు కలవడం వల్లే ఈ పాటలకు ఇంట్లో పాడుకున్న చనువు వచ్చిందనిపిస్తుంది.

3. చురకలు ఏరుకుంటూ కూర్చోవద్దు.
‘ర్యామ్’లోని ‘టూ మెనీ పీపుల్’ పాట తన మీదేనని బీటిల్స్‌లో ఒకప్పటి సహచరుడు జాన్ లెనన్ గ్రహించాడు. అదే ఏడాది ‘ఇమాజిన్’ ఆల్బమ్‌లో ‘హౌ డూ యూ స్లీప్?’తో బదులిచ్చాడు. పొట్టేలు కొమ్ములు పట్టుకున్న మెకార్ట్‌నీ అట్టబొమ్మకు పోటీగా తాను పంది చెవులు పట్టుకుని ఫొటో దిగాడు. అది వాళ్లిద్దరి గొడవ, సమీక్షకుడిది కాదు.

4. మొదటి తీర్పే చివరిది కాదు.
జనం అప్పుడే కొన్నారు: బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో రెండోది. విమర్శకులు మెత్తబడటానికి దశాబ్దాలు పట్టింది. 2012లో మళ్లీ విడుదలైనప్పుడు మెచ్చుకున్నారు. 2020లో అదే ‘రోలింగ్ స్టోన్’ తన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దానికి చోటిచ్చింది.

ఒక్క మాట. చివరి పాట ‘ది బ్యాక్ సీట్ ఆఫ్ మై కార్’ దాకా ఆగకుండా వినండి. బృందం చెదిరాక అతనిలో ఏమీ మిగల్లేదని విమర్శకులన్నారు కదా; వాళ్లు కొట్టిపారేసిన ఆల్బమ్‌లోని ఈ పాటను 1969 జనవరిలో బీటిల్స్ సాధన చేస్తున్న రోజుల్లోనే అతను పియానో మీద వాయించాడు.