మంచం కింద రామప్పంతులు

రవీంద్రభారతిలో నాటకం చూసి నాతోపాటు హిమాయత్‌నగర్ దాకా నడిచొచ్చే కుర్రాళ్లు "సినిమాల్లోకి ఎలా వెళ్లాలి బాబాయ్?" అని అడుగుతుంటారు. వాళ్లకు 'శంకరాభరణం' సినిమాలో శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులుగారి గురించి చెబుతాను.

1. ఉద్యోగం వదలకండి. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేస్తూనే నాటకాలాడారు. 'శంకరాభరణం' నాటికి డిప్యూటీ కలెక్టరు. నెలనెలా జీతం రాళ్లు ఇంటికొస్తుంటే వేషం కోసం ఎవరి గుమ్మం ముందూ పడిగాపులు పడక్కర్లేదు. నాంపల్లి, ఆబిడ్స్ ఆఫీసుల్లో ఫైళ్లు సర్ది, సాయంత్రం రిహార్సల్‌కు పరుగెత్తిన తరం మాది.

2. ఒక్క నాటకాన్ని ఏళ్ల తరబడి ఆడండి. గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి 1892లో విజయనగరంలో ఆడారు. అదే ఊళ్లో పెరిగిన సోమయాజులుగారు, ఆయన తమ్ముడు ఆ నాటకాన్ని దశాబ్దాలు మోశారు. తమ్ముడు రమణమూర్తిగారు గిరీశం, అన్నగారు రామప్పంతులు. మధురవాణి ఇంట్లో ఇద్దరూ ఒకే మంచం కింద దూరే ఘట్టం ఉంది కదా! పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ తగిలేది రామప్పంతులికి. ప్రగల్భాలు, పిరికితనం, కోర్టు పక్షి తెలివి అన్నీ కలిసిన ఆ మనిషిని నవ్వు చెడకుండా ప్రతిసారీ కొత్తగా నిలబెట్టాలంటే పోర్షన్ నోటికి వస్తే చాలదు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు వినడం రావాలి. మన పరిషత్తు నాటకాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోటు ఇదే. తమ డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు తప్ప వినరు.

3. తొందరపడకండి. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలయ్యేసరికి ఆయనకు యాభై దాటాయి. మొదట్లో హాళ్లు ఖాళీ. చూసినవాళ్లు నోటి మాటగా చెప్పి నింపారు.

4. పాటకు పెదవి కలిపితే సరిపోదు. 'శంకరాభరణం'లో ఆయనకు వినిపించే గానం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంది, దానికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. తెర మీద మాత్రం పాడేది శంకరశాస్త్రే అనిపిస్తుంది. పొడుగాటి సంభాషణలో ఊపిరి ఎక్కడ తీయాలో రంగస్థలం నేర్పుతుంది. పాట సన్నివేశంలో అక్కరకొచ్చేది ఆ సాధనే అని నా నమ్మకం.

5. పేరొచ్చాక ఒకే ముద్రలో బిగించేస్తారు, జాగ్రత్త. 'శంకరాభరణం' తర్వాత ఆయన చేసినవి 'వంశవృక్షం', 'త్యాగయ్య', 'సప్తపది'. వేషాలు గొప్పవే, ఆయన గొప్పగానే చేశారు. కానీ మీసం మెలేసి అబద్ధాలాడే రామప్పంతుల్ని వేసిన నటుడికి సినిమా ఎప్పుడూ గంభీరమైన పెద్దమనిషి వేషాలే ఎందుకిచ్చింది? ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. 2004లో ఆయన, 2016లో రమణమూర్తిగారు ఈ హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. జనం శంకరశాస్త్రినే తలుచుకున్నారు.

6. ఈసారి వచ్చేటప్పుడు 'కన్యాశుల్కం' 1909 కూర్పు చదివి రండి. మంచం కింద ఘట్టం మా వరండాలోనే చదువుదాం. రామప్పంతులు ఎవరో మీలో మీరే తేల్చుకోండి.